పాసంగం చూసే పని చిన్నదా?

కూరగాయల బండి దగ్గర కాటా సున్నా చూపిస్తోందా లేదా అని ముందు చూస్తాం. వెనకటి తక్కెడకైతే పాసంగం చూసేవాళ్లం. కాటాలోనే తేడా ఉంటే ఎంత జాగ్రత్తగా తూచి ఏం లాభం?

రేడియో టెలిస్కోపుల సంగతీ ఇంతే. ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం ఫొటో 2019 ఏప్రిల్‌లో చూసి ప్రపంచమంతా అబ్బురపడింది. ఆ బిలం అంచున అయస్కాంత క్షేత్రం ఎలా ఉందో తెలిపే రెండో చిత్రం మాత్రం 2021 మార్చిలో గానీ రాలేదు. రెండింటికీ ఆధారం 2017 ఏప్రిల్ నాటి పరిశీలనలే! మరి ఆలస్యం దేనికి?

అయస్కాంత క్షేత్రం తెలియాలంటే రేడియో తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయో, అంటే వాటి ధ్రువణం, కొలవాలి. రిసీవర్లో ఒక రకం ధ్రువణ సంకేతం కొంత రెండో రకంలోకి కారిపోతుంది. దాంతో లేని ధ్రువణం ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కో టెలిస్కోపులో ఆ లీకెంతో లెక్కగట్టి తీసేయాలి. అందుకే వేర్వేరు పద్ధతుల్లో లెక్కలు వేసి, ఇతర ఖగోళ వనరులతోనూ సరిచూశారు. ఆ ధ్రువణ బృందం సమన్వయకర్తల్లో ఒకరు మోనికా మోష్చిబ్రోత్స్కా అనే మహిళ.

ఫొటో అందరికీ గుర్తే. పాసంగం చూసినవాళ్లు ఎందరికి గుర్తు? ఇంటిపనిలాగే ఇదీ తప్పు జరిగితేనే కంటబడే పని. సైన్సు చదివే మీ అమ్మాయి, "నాది పరికరం సరిచూసే పనేనమ్మా" అని చిన్నబుచ్చుకుంటే, అది లేనిదే ఏ ఫలితాన్నీ నమ్మలేమని చెప్పండి. పరిశోధనా పత్రంలో తన పేరు అడిగి మరీ వేయించుకోమనండి.