భవనాలు లేచాయి, మరి బడిని నడిపేదెవరు?

గడిచిన పదేళ్ళలో తెలుగునాట బడుల రూపురేఖలు చాలావరకు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019-20లో మొదలైన 'నాడు-నేడు', తెలంగాణలో 2022లో మొదలైన 'మన ఊరు-మన బడి' పథకాల కింద ఎన్నో ప్రభుత్వ బడులకు గదులు, బల్లలు, మరుగుదొడ్లు, మంచినీటి వసతి సమకూరాయి. తెలంగాణలో 2016లో 71 మైనారిటీ గురుకులాలు ప్రారంభం కాగా, తర్వాత వాటి సంఖ్య 204కు చేరింది. 2022-23 నుంచి అక్కడి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. ఇవన్నీ సంతోషించదగిన విషయాలే. అయితే గోడకు సున్నం వేస్తే బడి తెల్లబడుతుందే గాని, పిల్లవాడికి చదవడం రాదు.

ఒకే మండలంలో, ఒకే పుస్తకాలు, ఒకే జీతాలు ఉన్న రెండు సర్కారు బడుల్లో ఒకటి కళకళలాడుతూ ఉంటుంది. రెండోది పిల్లలు లేక వెలవెలబోతూ ఉంటుంది. తేడా ఎక్కడుంది? చాలాసార్లు ఆ తేడా ఒక్క మనిషి దగ్గరే ఉంటుంది. ఆయనే ప్రధానోపాధ్యాయుడు.

మన పిల్లల్లో మదర్సాలలో చదివేవారు నూటికి నలుగురికి మించరని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తేల్చి చెప్పింది. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని కూడా ఆ నివేదికే చెప్పింది. అంటే మన సమాజం భవిష్యత్తు చాలావరకు మామూలు బడుల్లోనే, ఆ బడులను నడిపే పెద్దల చేతుల్లోనే ఉంది.

పేరులోనే ఉంది పని

హెడ్మాస్టర్‌ను ఉర్దూలో 'సదర్ ముదర్రిస్' అంటాం. ముదర్రిస్ అంటే దర్స్ ఇచ్చేవాడు, పాఠం చెప్పేవాడు. తెలుగులో 'ప్రధాన ఉపాధ్యాయుడు' అన్నా అదే అర్థం. రెండు భాషలూ ఒకే మాట చెబుతున్నాయి. ఆయన పై అధికారి కాదు, గుమాస్తా అంతకంటే కాదు. పాఠం చెప్పేవారిలో మొదటివాడు.

కాని నేడు ఆయన రోజు ఎలా గడుస్తున్నదో గమనించండి. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోన్‌లో హాజరు, 'యూడైస్' వివరాలు, యూనిఫారాల పంపిణీ, మండల కార్యాలయంలో సమావేశాలు. ఇవన్నీ అయ్యేసరికి ఆఖరి గంట కొడతారు. ఇక ఆయన తరగతిలో కూర్చుని పాఠం వినేదెప్పుడు?

నియామకం తీరు కూడా అలాగే ఉంది. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయ పదవికి సీనియారిటీ కావాలి, శాఖాపరమైన పరీక్షలు పాసై ఉండాలి. ఆ పరీక్షలు ముఖ్యంగా సర్వీసు నియమాలు, లెక్కాపత్రాల మీద జరుగుతాయి. చదవడం రాని పిల్లవాడికి చదవడం ఎలా నేర్పించాలి, నిరుత్సాహపడ్డ టీచరును ఎలా నిలబెట్టాలి అని ఆ పరీక్షల్లో అడగరు. జాతీయ విద్యావిధానం 2020 ప్రధానోపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలన్నది. ఆ గంటలు ఫోన్ ముందు కూర్చుని పూర్తిచేసే తంతుగా మారితే ప్రయోజనమేమిటి?

మన యాజమాన్యాల సంగతి

తప్పంతా ప్రభుత్వానిదే అనుకుంటే అన్యాయమవుతుంది. మన అంజుమన్లు, సొసైటీలు నడిపే బడుల్లో ప్రిన్సిపాల్ పరిస్థితి ఏమిటి? చందాలు పోగుచేసి అంతస్తు మీద అంతస్తు లేపుతాం. ప్రిన్సిపాల్‌కు జీతం పెంచాలంటే మాత్రం నెలల తరబడి ఆలోచిస్తాం. ఏ టీచరును తీసుకోవాలి, ఏ తరగతి ఎవరికివ్వాలి అన్నది కూడా సెక్రటరీ సాబే నిర్ణయిస్తారు. ఫలితాలు తగ్గితే మాత్రం ప్రిన్సిపాల్‌నే నిలదీస్తారు. అధికారం ఒకరిది, జవాబుదారీ మరొకరిది అయినచోట ఏ సంస్థా బాగుపడదు.

2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో మూడొంతులకు తగ్గకుండా నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని చెప్పింది. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2025 సెప్టెంబర్ 1న మరో ధర్మాసనం ఈ విషయాన్ని పెద్ద ధర్మాసనం పరిశీలించాలని కోరింది. న్యాయస్థానం ఏమన్నా సరే, తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడటానికి మనకు చట్టం కావాలా? మష్వరా (సంప్రదింపు) మన ధర్మం ఏనాడో నేర్పిన పద్ధతి కాదా?

ఇద్దరు బడిపెద్దలు

మన చరిత్రలో ఇద్దరిని గుర్తు చేసుకుందాం. బేగం రుఖయ్యా సఖావత్ హుసేన్ ఏనాడూ బడిలో చదువుకున్నవారు కాదు. భర్త చనిపోయాక 1911లో కలకత్తాలో ఎనిమిది మంది ఆడపిల్లలతో బడి పెట్టారు. పిల్లలు రాకపోతే ఇంటింటికీ వెళ్ళి పెద్దలను ఒప్పించారు. పరదా భంగమవుతుందన్నవారి కోసం తెరలు కట్టిన బండ్లు ఏర్పాటు చేశారు.  1932లో కన్నుమూసేవరకు ఆ బడిని ఆమే నడిపించారు.

రెండోవారు మన హైదరాబాదులో 1897లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్. 1926లో ఆయన జామియా మిల్లియా బాధ్యత తీసుకునేనాటికి ఖిలాఫత్ నిధులు ఆగిపోయి, సంస్థను మూసేద్దామన్న మాట వినబడుతోంది. 1928లో ఆయన, తోటి ఉపాధ్యాయులు ఇరవై ఏళ్ళపాటు 150 రూపాయలకు మించని జీతంతో పనిచేస్తామని ప్రతిజ్ఞ పూనారు. 1948 వరకు ఆయన అక్కడే ఉన్నారు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు. మొదట తాను త్యాగం చేశాకే తోటివారిని అడిగిన నాయకుడాయన. అలాగని నేటి యాజమాన్యాలు ఈ ఉదాహరణ చూపి టీచర్ల జీతాలు కోయడం న్యాయం కాదు. త్యాగం ఎవరికి వారు చేసేది, మరొకరి చేత చేయించేది కాదు.

పైసా ఖర్చు లేని మార్పులు

బడిపెద్ద తలచుకుంటే డబ్బు లేకుండానే కొన్ని పనులు జరుగుతాయి. మన బడుల్లో మంచి టీచర్లందరినీ పదో తరగతికి ఇస్తారు, ఫలితాలు పేపర్లో వస్తాయి గనుక. ఒకటో తరగతి మాత్రం కొత్తగా చేరినవారికో, ఎవరూ వద్దన్నవారికో దక్కుతుంది. పునాది ఎవరి చేతికిస్తున్నామో ఆలోచించారా? ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో కూర్చుని ఏడాదంతా నోరు విప్పదు. ఆ పిల్లకు మందబుద్ధి అని ముద్ర వేస్తాం. మొదటి ఆరు నెలలు ఆ పిల్ల భాషలో నాలుగు మాటలు మాట్లాడే టీచరును ఆ తరగతికి పంపడం ప్రధానోపాధ్యాయుడి చేతిలో పని.

ఏడో తరగతి తర్వాత ఆడపిల్లలు ఎందుకు ఆగిపోతున్నారో రిజిస్టరు చెప్పదు. ఉన్నత పాఠశాల దూరమా, దారిలో వేధింపా, ఇంట్లో చిన్నపిల్లలను చూసుకునేవారు లేరా అన్నది గడప దగ్గర అడిగితేనే తెలుస్తుంది. వారానికి నాలుగిళ్ళకు వెళ్ళే బడిపెద్ద ఏడాదిలో మొహల్లా అంతా తిరిగి రాగలడు. మూడో తరగతి పిల్లల్లో ఎంతమంది పుస్తకం చూసి చదవగలుగుతున్నారో నెలకొకసారి స్వయంగా విని రాసుకుంటే, ఏ నివేదికా అక్కరలేదు.

సోదర సోదరీమణులారా! బడిలో పిల్లలను చేర్చేముందు ఫీజు ఎంత, బస్సు ఉందా అని అడుగుతాం. ఇక నుంచి ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఇక్కడి ప్రిన్సిపాల్ ఏ తరగతికి పాఠం చెబుతారు? సమాధానం రాకపోతే మరోసారి ఆలోచించండి. యాజమాన్యాల పెద్దలకు ఒక విన్నపం. వచ్చే చందాలో కొంత భాగం గోడకు కాకుండా మంచి బడిపెద్ద కోసం కేటాయించండి, నియమించాక ఆయన్ను పని చేయనివ్వండి. ఇక ఆ కుర్చీలో కూర్చున్నవారికి చెప్పేదొకటే. పదవి ఒక అమానత్. దాని లెక్క మండల కార్యాలయంలో అడిగేదానితోనే ముగిసిపోదు.