కొవ్వు బుడగలో కేన్సర్ మందు... నాణ్యతే ప్రాణం!

మా వదినకి అండాశయ కేన్సర్ తిరగబెట్టింది. డాక్టరుగారు రాసిచ్చిన చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్లాను. కుర్రాడు ఇంజెక్షన్ సీసాని మామూలు ప్లాస్టిక్ కవర్లో వేసి చేతికిచ్చాడు. డబ్బా మీదేమో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని రాసుంది. బయట ఎండ మండిపోతోంది. 'ఏం కాదులెండి మేడమ్, ఆసుపత్రి పక్కనేగా' అన్నాడు. ఐసుడబ్బాలో పెట్టి ఇచ్చేదాకా నేను కదల్లేదు.

ఎందుకంత పట్టుదల అంటారా? ఆ మందు డాక్సోరుబిసిన్. కేన్సర్‌కి ఏళ్ల తరబడి వాడుతున్నదే. కానీ గుండెని దెబ్బతీస్తుంది. అందుకే దాన్ని లిపోజోమ్ అనే కొవ్వు బుడగల్లో నింపుతారు. ఒక్కో బుడగ సుమారు 100 నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు! ఈ బుడగల వల్ల మందు రక్తంలో ఎక్కువసేపు తిరుగుతుంది, గుండెకి చేటు తగ్గుతుంది. అమెరికాలో 1995లో 'డాక్సిల్' పేరుతో దీనికి అనుమతి వచ్చింది.

తయారీయే అసలు పరీక్ష

బుడగలన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. మందు లోపలే నిలవాలి, ముందే కారిపోకూడదు. పైగా బుడగలు వేడికి తట్టుకోలేవు కాబట్టి చివర్లో మరిగించి క్రిములను చంపే వీల్లేదు. సన్నటి జల్లెడల్లాంటి ఫిల్టర్లలోంచి వడకట్టాలి. అందుకని మొదట్నుంచీ ఫ్యాక్టరీ శుభ్రంగా ఉండి తీరాలి.

అలా లేకపోతే ఏమవుతుందో 2011లో చూశాం. డాక్సిల్ తయారయ్యేది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని బెన్ వెన్యూ ఫ్యాక్టరీలో. నాణ్యతా లోపాలు బయటపడి అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. మందు దొరక్క ఎందరో రోగుల చికిత్స మధ్యలో చిక్కుకుంది. చివరికి 2012 ఫిబ్రవరిలో మన సన్ ఫార్మా వారి 'లిపోడాక్స్'ని తాత్కాలికంగా దిగుమతి చేసుకోవడానికి అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. 2013లో సన్ జెనరిక్ మందుకి పూర్తి అనుమతే దొరికింది. బెన్ వెన్యూ మూతపడింది.

దీన్నిబట్టి నాకు తోచిందేమిటంటే, ఖరీదైనదంతా మంచిదీ కాదు, చవకైనదంతా చెడ్డదీ కాదు. చూడాల్సింది ధర ఒక్కటే కాదు, తయారైన తీరు. ప్రాణాధారమైన మందుకి ఒకే ఫ్యాక్టరీని నమ్ముకోవడం కూడా పొరపాటే. మన దేశంలో నానో మందుల పరీక్షకి 2019లో మార్గదర్శకాలు వచ్చాయి. అవి కాగితం మీదే ఉండిపోకుండా ఫ్యాక్టరీల్లో తనిఖీలు గట్టిగా జరగాలి.

మరి మనమేం చెయ్యాలి?

బిల్లు లేకుండా మందు కొనొద్దు. బ్యాచ్ నెంబరు, గడువు తేదీ రాసిపెట్టుకోండి. చల్లగా తీసుకెళ్లండి, కానీ గడ్డకట్టనివ్వొద్దు. 'లిపోజోమల్' అని రాస్తే మామూలు డాక్సోరుబిసిన్ తీసుకోవద్దు. రెండూ ఒకటి కావు, మోతాదులూ వేరు. షాపువాళ్లు మార్చి ఇస్తానంటే డాక్టరుగారిని అడగందే ఒప్పుకోకండి.

'చాదస్తం ఎక్కువైంది నీకు' అని వదిన నవ్వింది. నవ్వితే నవ్వనీ! సీసాలో బుడగల్ని మనం చూడలేం. అడగడమొక్కటే మన చేతిలో ఉంది.