మౌఖిక పరీక్ష – సన్నద్ధత

మౌఖిక పరీక్ష అనగానే ఉద్యోగార్థులు పెక్కుమంది కొన్ని సమాధానాలను కంఠస్థం చేస్తారు. అన్ని ఉద్యోగాలకూ అవే చాలునని భావిస్తారు. ఇది సరికాదు. ఉద్యోగాన్ని బట్టి పరీక్షించే గుణం మారుతుంది.

సివిల్ సర్వీసుల ఎంపికలో 2025 మార్కులకుగాను 275 మార్కులు మౌఖిక పరీక్షకు కేటాయించారు. అక్కడ అభ్యర్థి వివేచనను, నిష్పాక్షికతను ప్రధానంగా పరిశీలిస్తారు. సైనికాధికారుల ఎంపిక సాధారణంగా ఐదు రోజులు సాగుతుంది. సంభాషణతోపాటు మనస్తత్వ పరీక్షలు, బృందకృత్యాలు ఉంటాయి. అరువు తెచ్చుకున్న ధైర్యం అన్ని రోజులు నిలువదు. సాఫ్ట్‌వేర్ సంస్థలు అభ్యర్థి చేత ప్రోగ్రాము రాయించి, ప్రతి మెట్టుకూ కారణం అడుగుతాయి.

గ్రామీణ విద్యార్థులను ఆంగ్లభయం కుంగదీస్తున్నది. నిబంధనలకు లోబడి సివిల్ సర్వీసుల మౌఖిక పరీక్షకు తెలుగులోనూ హాజరు కావచ్చునన్న సంగతి చాలామంది గుర్తించరు. ఆంగ్లం అవసరమైన చోట దానిని నేర్వవలసిందే. అయితే చెప్పవలసిన విషయం లేనివారికి ఏ భాషా తోడ్పడదు. కనుక విద్యార్థులు తాము కోరిన ఉద్యోగం ఎటువంటి బాధ్యతలను అప్పగిస్తుందో మొదట తెలుసుకోవాలి. తెలియని ప్రశ్నకు తెలియదని వినయంగా చెప్పగలగడం కూడా సన్నద్ధతలో భాగమే.