కొత్త కారు – తొలి వెయ్యి మైళ్ళు



హోసూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న వారి అబ్బాయి సుబారు కంపెనీ వారి బి.ఆర్.జడ్. అనే స్పోర్ట్స్ కారు కొత్తగా కొన్నాడట. కొత్త బండిని కొన్నాళ్ళు నెమ్మదిగా నడపాలని తండ్రిగారు, ఈ కాలపు కార్లకు ఆ పథ్యాలేవీ అక్కర్లేదని కొడుకు. ఫోను చేసినప్పుడల్లా ఇదే తగాదా. చివరకు మాట్లాడుకోవడమే తగ్గిపోయిందట. ఎవరిది నిజమో తేల్చమంటున్నారు ఆ తల్లి.

అమ్మా, ఇద్దరిదీ సగం సగం నిజం. అదెలాగో తెలియాలంటే ముందు ఇంజను సంగతి కొంచెం తెలుసుకోవాలి. నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. అయినా ఇందులో మనకు అర్థం కానిదేమీ లేదు. కోయంబత్తూరు దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడుగారు (1893–1974) పెద్ద చదువులు చదవలేదు. స్వయంగా యంత్రాలు విప్పి చూసి నేర్చుకున్నవారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నడిపారు.

పెట్రోలు ఇంజనుకు నాలుగే పనులు. గాలి పీల్చడం, పెట్రోలు కలిసిన ఆ గాలిని గట్టిగా నొక్కడం, స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వతో అది మండి పిస్టన్ను తోయడం, పొగను బయటికి నెట్టడం. జర్మనీలో నికొలాస్ ఆటో 1876లో నడిపి చూపిన పద్ధతి ఇదే. ఈ నాలుగు పనులూ పూర్తయ్యేసరికి ఇంజను రెండు చుట్లు తిరుగుతుంది.

అబ్బాయి కారులో నాలుగు సిలిండర్లు, అటు రెండు, ఇటు రెండు, పడుకోబెట్టినట్టు ఉంటాయి. ఒక్కొక్కటి 94 మిల్లీమీటర్ల వెడల్పు. అందులో పిస్టను 86 మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కీ కదులుతుంది. లెక్క కట్టి చూడండి, నాలుగింటికీ కలిపి 2,387 సి.సి. వస్తుంది. నిమిషానికి 7,000 చుట్ల వద్ద 228 గుర్రాల బలం ఇస్తుంది. ఆ వేగంలో ఒక్కో సిలిండరులో సెకనుకు 58 సార్లు మంట పుడుతుంది.

ఇక అసలు విషయం. పిస్టను చుట్టూ ఉక్కు రింగులు ఉంటాయి. మంట ఒత్తిడి కిందికి జారిపోకుండా, కిందనున్న ఆయిలు పైకి ఎక్కకుండా కాపాడేవి అవే. కొత్త సిలిండరు లోపలి గోడ మీద కావాలనే సన్నని అడ్డగీతలు గీస్తారు. ఆ గీతల్లో ఆయిలు నిలుస్తుంది. రింగూ గోడా మొదటి రోజుల్లో ఒకదానినొకటి కాస్త అరగదీసుకుని, అతుక్కున్నట్టు కుదురుకుంటాయి. రింగును గోడకు అదిమిపెట్టేది మంట ఒత్తిడే.

తండ్రిగారు చెప్పిన "నెమ్మది"లో చిక్కు ఇక్కడే ఉంది. బండిని మరీ ముద్దుచేసి నడిపితే ఆ ఒత్తిడి చాలదు, రింగులు సరిగా కుదురుకోవు. గోడ నున్నగా మెరుగెక్కిపోతే తరువాత బండి ఆయిలు తాగుతుంది. అలాగని మొదటి రోజే విపరీతంగా తొక్కితే రాపిడికి వేడి పుట్టి గోడ గీరుకుపోవచ్చు. పైగా 4,000 చుట్ల వద్ద పిస్టను మీద పడే లాగుడు కంటే 7,000 వద్ద పడేది మూడు రెట్లు. చక్రవడ్డీలాగా, వేగం పెరిగే కొద్దీ భారం అంతకు మించి పెరుగుతుంది.

మరి అబ్బాయి మాటో? ఇప్పటి యంత్రాల పనితనం నాజూకైనదే. అంబాసిడరు, ఫియట్ల రోజులంత పథ్యం నేడు లేదు. కాని అసలే లేదనడం తప్పు. కారుతో వచ్చిన పుస్తకంలోనే సుబారు వారు రాశారు: మొదటి 1,000 మైళ్ళు, అంటే 1,600 కిలోమీటర్లు, ఇంజనును 4,000 చుట్లు దాటించవద్దు. ఎక్కువైనా తక్కువైనా చాలాసేపు ఒకే వేగంలో పోవద్దు. ఎగిరి దూకినట్టు బయలుదేరవద్దు. ఆపద వస్తే తప్ప గట్టిగా బ్రేకు కొట్టవద్దు.

ఇందులో అబ్బాయికి నష్టం కూడా పెద్దగా లేదు. ఈ ఇంజను లాగుడు బలం అత్యధికంగా ఉండేది 3,700 చుట్ల దగ్గర. అది హద్దు లోపలే ఉంది కదా!

మరికొన్ని సూచనలు:

ఉదయం బండి తీయగానే నిలబెట్టి రొద చేయనక్కర్లేదు. వెంటనే బయలుదేరి, ఇంజను వేడెక్కేదాకా తేలికగా నడపాలి. నీళ్ళ కంటే ఆయిలు ఆలస్యంగా వేడెక్కుతుంది.

హైవే మీద ఒకే వేగంతో గంటలకొద్దీ పోయే ప్రయాణాలు కొన్నాళ్ళు వాయిదా వేయాలి. ఎత్తుపల్లాలున్న మామూలు రోడ్డు మేలు.

ఈ రోజుల్లో ఆయిలు కాస్త ఎక్కువ ఖర్చు కావచ్చు. అప్పుడప్పుడు గేజి తీసి మట్టం చూడాలి.

కొత్త టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు కూడా పూర్తి పట్టు రావడానికి కొంత దూరం పడుతుంది. ఈ కారును తోసేవి వెనక చక్రాలు. తడి రోడ్డు మీద మలుపులో తొందరపడితే వెనక భాగం జారుతుంది. తొలి వెయ్యి మైళ్ళలో కుదురుకోవలసింది ఇంజనొక్కటే కాదు, నడిపేవాడి చెయ్యి కూడా.

చివరగా బ్యాంకువాడి మాట. అక్కడ ఇంజనుకు, గేర్లకు ఉన్న హామీ 5 ఏళ్ళు లేదా 60,000 మైళ్ళు, ఏది ముందైతే అది. ఆయిలు మార్చిన ప్రతి రసీదూ తేదీతో, మైళ్ళతో సహా ఒక ఫైలులో పెట్టుకోమనండి. రేపు పేచీ వస్తే మాట్లాడేది ఆ కాగితమే.

మొక్కై వంగనిది మానై వంగదంటారు. కారు విషయంలో ఆ మొక్క వయసు వెయ్యి మైళ్ళే. కనుక సోదరీ, వారిద్దరికీ ఇలా చెప్పండి: నెమ్మదిగా కాదు, దూకుడుగా కాదు, వేగం మారుస్తూ, హద్దులో నడపాలి. ఈసారి ఫోనులో అబ్బాయిని మైళ్ళ లెక్క అడగమనండి వాళ్ళ నాన్నగారిని. తగాదా పోయి మాటలు వాటంతటవే సాగుతాయి.