దాచుట యేల?

కంప్యూటరు విద్య నభ్యసించు బాలబాలికలలో పలువురు 'ఎన్‌క్యాప్సులేషన్' నిర్వచనమును కంఠస్థము చేయుచున్నారు గాని, దాని ప్రయోజనమును గ్రహించుట లేదని మా యభిప్రాయము.

దత్తాంశమును, దానిపై పనిచేయు మెథడులను ఒక్క క్లాసునందు కూర్చుట ఎన్‌క్యాప్సులేషన్. ఆ దత్తాంశమును బయటివారు నేరుగా ముట్టకుండునట్లు చేయుట డేటా హైడింగ్. బ్యాంకు ఖాతాలోని నిల్వను ఎల్లరును దిద్దగలిగినచో లెక్క నిలుచునా? జమ, వాపసు అను రెండు ద్వారములే యున్నచో, నిల్వకు మించి యడిగిన సొమ్మును ద్వారమువద్దనే నిరాకరింప వచ్చును.

కొందఱు ప్రతి చరరాశికిని 'ప్రైవేట్' అని వ్రాసి, వెంటనే గెటరును సెటరును చేర్చి తృప్తి నొందుదురు. ఇది తాళము వైచి, తాళపుచెవిని గుమ్మమునకే వ్రేలాడదీయుట గాదా?

మారదగిన నిర్ణయములను ఒక్కొక్క భాగమునందు దాచవలయునని 1972వ సంవత్సరమున డేవిడ్ పార్నస్ బోధించెను. దొంగల భయముచే గాదు. ఒకచోటి మార్పు అన్నిచోట్లకు ప్రాకకుండుటకే యీ దాపరికము. సంవత్సరమును రెండంకెలతో వ్రాయు పద్ధతి అనేక ప్రోగ్రాములయందు చెల్లాచెదరై యుండుటచే, 2000వ సంవత్సరమునకు ముందు ప్రోగ్రామర్లు పంక్తి పంక్తియు వెదకి దిద్దవలసి వచ్చెను. తేదీ యమరిక ఒక్కచోట దాగియున్నచో ఆ శ్రమ చాలవఱకు తప్పెడిది.

కావున ఉపాధ్యాయులు నిర్వచనముతో తృప్తిపడక, "లోపలి యమరిక రేపు మారినచో ఎన్నిచోట్ల దిద్దవలయును?" అని యడుగవలయునని కోరుచున్నాము. "ఒక్కచోటనే" అని చెప్పి, దానిని చేసి చూపగల విద్యార్థియే యీ పాఠమును నేర్చినవాడు.