గడప దాటలేని వార్ధక్యము

వృద్ధులకు ప్రభుత్వ మేమి చేయుచున్నదని యడిగినచో మొదట వినవచ్చు సమాధానము పింఛను. తెలంగాణమున 2014లో ఆసరా పథకము నెలకు వేయి రూపాయలతో మొదలైనది. 2019లో ఆ మొత్తము 2,016 రూపాయలైనది. అది చాలునా చాలదా యన్న చర్చ జరుగవలసినదే. కాని నగరమున ముసలివాని దినచర్యను నిర్ణయించునది సొమ్మొక్కటే కాదు. ఇంటి గడపకును వీథి మలుపునకును నడుమనున్న నూరు గజముల నేల అంతకన్న నెక్కువగా నిర్ణయించుచున్నది.

హైదరాబాదులో డెబ్బదియేండ్ల మనిషి ఉదయము పాలపాకెట్టుకై బయలుదేరినాడనుకొందము. కాలిబాట యున్నచోట దానిపై ట్రాన్స్‌ఫార్మరు, టీ బడ్డీ, నిలిపిన మోటారు సైకిళ్లు. లేనిచోట నడిరోడ్డే గతి. కాలిబాట యెత్తు 150 మిల్లీమీటర్లు మించరాదనియు, నడచుటకు కనీసము 1.8 మీటర్ల వెడల్పు విడువవలెననియు ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 2012 నాటి మార్గదర్శకములలో చెప్పినది. ఆ పుస్తకమును చేతబట్టి చిక్కడపల్లిలో నడచిచూచినచో అది మరియొక దేశమును గూర్చి వ్రాసినట్లు తోచును. ఇక వీథి దాటుట వేరొక పరీక్ష. పాదచారి సెకనుకు 1.2 మీటర్లు నడచునని లెక్కగట్టి దీపములు మార్చుట ఇంజనీర్ల వాడుక. మోకాళ్ల నొప్పులవారికి ఆ వేగమెక్కడిది? లిఫ్టు లేని పాదచారుల వంతెన వారికి గోడతో సమానము.

2023 డిసెంబరు 9 నుండి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు సొమ్ము తప్పినది. ముసలమ్మలకు ఇది నిజమైన మేలు, కాదనుట అన్యాయము. అయితే మొదటి మెట్టు మోకాలెత్తున నున్నప్పుడు, బస్సు స్టాపున ఆగక పది గజములు ముందునకు పోయి నిలిచినప్పుడు, ఆ ఉచితము పరుగెత్తగలవారికే ముందుగా దక్కును. వృద్ధులకని వ్రాసిన సీట్లలో ఎవరు కూర్చుందురో కండక్టర్లకు తెలియని సంగతి కాదు.

2007లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వృద్ధులకనువైన నగరములను గూర్చి మార్గదర్శిని వెలువరించినది. ఢిల్లీ, ఉదయపూరులతో సహా 33 నగరములలో ముసలివారినే పిలిచి వారి యవసరము లేమియో యడిగిరి. వారు చెప్పినవాటిలో బెంచీలు, మరుగుదొడ్లు, కాలిబాటలు కలవు. ఆ సంవత్సరమే మన పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. బిడ్డలు పోషింపనిచో ట్రిబ్యునలు నాశ్రయించు హక్కును, జిల్లాకొక్కటైనను వృద్ధాశ్రమ ముండు ఏర్పాటును అందు కలవు. మంచి చట్టమే. కాని దాని దృష్టిలో ముసలివాడు ప్రధానముగా ఇంటిలోనో, ఆశ్రమములోనో ఉండువాడు. వీథిలో తిరుగువాడు కాడు.

పాలు, మందులు సెల్‌ఫోను నొక్కిన వాకిటికే వచ్చునుగదా యనువారు కలరు. వచ్చును; పొరుగువారు రారు. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములలో పత్రికల బల్ల చుట్టును చేరు వృద్ధులకు వార్తలు నెపము మాత్రమే. ఒకడు నాలుగు దినములు రాకున్న తక్కినవారు విచారింతురు. ఏ పింఛను లెక్కలోను చేరని సేవ యిది. బల్ల యున్నది, పత్రిక యున్నది. అచటికి పోవు దారి మాత్రమే లేదు.

2018లో మొదలైన బస్తీ దవాఖానాలు వైద్యమును గల్లీ చేరువకు తెచ్చినవి. ఆ చేరువతనమునే తక్కినవాటికిని పట్టింపవలెను. పైవంతెనలకు వెచ్చించు ధనములో అల్పభాగమైనను తీసి, ప్రతి దవాఖానా వాకిలి నుండి బస్సు స్టాపు వరకు అడ్డు లేని కాలిబాట యొకటి, కూర్చుండ బెంచీలు రెండు, శుభ్రమైన మరుగుదొడ్డి యొకటి యేర్పరుపవలెను. దీనికి క్రొత్త చట్టము పనిలేదు. పని మొదలిడుటకు ముందు వార్డు ఇంజనీరు, చేతికఱ్ఱ పట్టిన మనిషి వెంట, అతని నడకతోనే ఆ దారిని ఒకసారి నడచి రావలెను.