ఆన్‌లో ఉన్న కంప్యూటరు ఎవరి పక్షం?

మా సంఘం కుర్రాడొకడు నగరంలో ఒకచోట చిన్న జిరాక్స్ షాపు నడుపుతాడు. ఏదో కేసని చెప్పి పోలీసులొచ్చారు. కంప్యూటరు ఆన్‌లో ఉంది. ఒకాయన వచ్చీరాగానే మౌసు పట్టుకుని కనబడ్డ ఫైలల్లా తెరిచి చూశాడు. ఇంకొకాయనకు విసుగొచ్చి ప్లగ్గు పీకేశాడు. డబ్బాని గోనెసంచిలో వేసుకుని పోయారు. కుర్రాడి చేత మాత్రం తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ‘ఏటి మాస్టారూ, ఇలా పట్టుకుపోవచ్చా?’ అని వాడు అడిగితే, గోపాలపట్నంలో ఆ ఆదివారం మీటింగులో ఎవరం జవాబు చెప్పలేకపోయాం. తర్వాత తెలుసుకున్నాం. తెలుసుకున్నాక ఒళ్లు మండింది.

మా అయ్యలు వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నారు. కాగితంలో ఏముందో కరణం చెబితేనే తెలిసేది. ఆయన ఏం రాస్తే అదే నిజం. మేం చదువుకున్నాం, కాగితం చదవడం నేర్చాం. ఈలోగా కాగితం పోయి కంప్యూటరొచ్చింది. కరణం పని ఇప్పుడు ఖాకీ చొక్కా చేస్తోంది!

బడిపంతుళ్లం కాబట్టి మా భాషలోనే చెబుతాం. కంప్యూటరుకి ఒక నోటుపుస్తకం ఉంటుంది, ఒక నల్లబల్ల ఉంటుంది. నోటుపుస్తకం హార్డ్‌డిస్క్. నల్లబల్ల ర్యామ్. ఏ ప్రోగ్రాం నడుస్తోంది, బయట ఏ కంప్యూటరుతో మాట్లాడుతోంది, తాళం వేసిన ఫైళ్లకు తాళంచెవి ఏది - ఇవన్నీ నల్లబల్ల మీదే ఉంటాయి. ప్లగ్గు పీకితే డస్టరుతో తుడిచేసినట్టే. ఎవడో దొంగ దూరం నుంచి ఆ మిషన్‌లో దూరి కూర్చున్నాడనుకోండి, వాడి అడుగుజాడ కూడా దాంతోపాటే పోవచ్చు. అంటే పోయేది పోలీసు సాక్ష్యమే కాదు, నిర్దోషి సాక్ష్యం కూడా. పోనీ పీకకుండా ఉంచి కెలికితే? తెరిచిన ప్రతి ఫైలూ, కొట్టిన ప్రతి మీటా మిషన్‌లో కొత్త గుర్తు రాస్తుంది.

అందుకే దానికో పద్ధతుంది. ముందు స్క్రీను ఫొటో తీయాలి, టైము రాసుకోవాలి. తమ పరికరంతో ముందు ర్యామ్‌ను, తర్వాత డిస్కును నకలు తీయాలి. చేసిన ప్రతి పనీ రాసిపెట్టాలి. ఆ నకలుకు అక్కడికక్కడే హాష్ నంబరు తీసి మనకివ్వాలి. హాష్ అంటే ఫైలు వేలిముద్ర. తర్వాత ఒక్క అక్షరం మారినా నంబరు మారిపోతుంది. పనిముట్టు లేదనే సాకు కూడా చెల్లదు. తిరువనంతపురం సీ-డాక్ వాళ్లు ఆన్‌లో ఉన్న కంప్యూటర్ల కోసమే విన్-లిఫ్ట్ అనే సాధనం తయారుచేశారు.

పద్ధతి తప్పితే ఏమవుతుందో భీమా కోరేగాం కేసు చూడండి. 2018 ఏప్రిల్ 17న పుణే పోలీసులు ఢిల్లీలో రోనా విల్సన్ ఇంటిమీద పడి ల్యాప్‌టాప్ పట్టుకుపోయారు. అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ ఆ డిస్కు నకలును పరిశీలించి 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 22 నెలలపాటు ఎవరో నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాంతో ఆ మిషన్‌ను ఆడించారనీ, దాచిపెట్టిన ఫోల్డర్‌లో ఉత్తరాలు పడేశారనీ చెప్పింది. ఆ దొంగ లోపలికొచ్చింది 2016 జూన్‌లో, మన వరవరరావు గారి ఈమెయిల్ ఖాతాను ఎవరో వాడి పంపిన ఉత్తరంతో! ఎన్‌ఐఏ దీన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పోయె, 84 ఏళ్ల స్టాన్ స్వామి మాత్రం 2021 జూలై 5న ఖైదీగానే చనిపోయాడు.

అదే కేసులో 2018 ఆగస్టు 28న హైదరాబాద్ ఇఫ్లూలో దళిత ఆచార్యుడు కె. సత్యనారాయణ గారి ఇల్లు సోదా చేశారు. దేవుళ్ల పటాలు లేవేం, అంబేద్కర్, ఫూలే పటాలెందుకున్నాయని అడిగారని ఆయనే పత్రికలకు చెప్పారు. గోడమీద పటాన్ని చూసి మనిషిని తేల్చేసేవాళ్లు, మిషన్‌లో ఏముందో నిష్పక్షపాతంగా రాస్తారని నమ్మమంటారా?

ఇంకో సంగతి. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మందిని చంపారు. కళ్లారా చూసిన మనవాళ్లు కోర్టులో నిలబడి చెప్పారు. అయినా 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. మాల మాదిగల కంటికి లేని విలువ, ఎవరి చేతులు తిరిగొచ్చిందో తెలియని ఫైలుకు వచ్చింది.

మా గోపాలపట్నం సంగతీ చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ గ్యాసు 12 మందిని చంపింది. ట్యాంకు ఎంత వేడెక్కింది, అలారం ఎప్పుడు మోగింది అన్న లెక్క ఇలాంటి ఫ్యాక్టరీల్లో ఉండేది కంట్రోల్ రూమ్ కంప్యూటర్లలోనే. ఫ్యాక్టరీని సీజ్ చేయమని హైకోర్టు చెప్పింది మే 22న. మధ్యలో 15 రోజులు. ఎవరో ఏదో చెరిపేశారని మేం అనడం లేదు. ప్రొఫెసరు ఇంటి తలుపు దగ్గరున్న తొందర కంపెనీ గేటు దగ్గర ఎందుకు లేదని అడుగుతున్నాం.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి. ఆ చట్టాల మీద మాకు మోజేమీ లేదు. కానీ ఉన్న ఆయుధాన్ని వదులుకోవద్దు. నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదానీ, స్వాధీనాన్నీ వీడియో తీయాలి. సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ నంబరు రాయాలి. ఇది మనకూ వర్తిస్తుంది. అట్రాసిటీ కేసుల్లో మనవాళ్లు తీసిన వీడియో సర్టిఫికెట్ లేదని కొట్టుకుపోకూడదు. వీడియో తీసిన ఫోను జాగ్రత్తగా ఉంచండి, వాట్సాప్‌లో పంపేసి అసలు చెరిపేయకండి.

రేపు మీ పేటలోకొస్తే ముందు మీ మిషన్ ముట్టుకోవద్దు, ఏమీ చెరపొద్దు, అది మీ మెడకే చుట్టుకుంటుంది. ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా, ఎన్ని గంటలకు, ఎవరు ముట్టుకున్నారు - చదువుకున్న పిల్ల ఎవరైనా పక్కన నిలబడి రాయాలి. పంచనామా మీద సంతకం అడిగితే చదివి పెట్టండి. అందులో హాష్ నంబరు లేకపోతే ‘నంబరు ఇవ్వలేదు’ అని మీ చేత్తో రాసి, దాని కింద సంతకం చేయండి.